వంశాలు చెప్పినోడికి వాటా ఏది?
కోయ డోలి సకిని రామచంద్రయ్య: మేళం, జ్ఞాపకం, మెట్లు

2024 జూన్ 23న సకిని రామచంద్రయ్య చనిపోయారు. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసేచోట ఉన్న కూనవరం వేరు, ఇది వేరు. అంతకు రెండేళ్ళ ముందు, 2022లో, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అవార్డు వచ్చినప్పుడూ చనిపోయినప్పుడూ పత్రికలు దాదాపు ఒకే మాట రాశాయి. డోలి కొడుతూ కోయల వీరుల కథలు పాడే ఆఖరి తరం కళాకారుడు అని. కళాకారుడు అన్నందుకు మాకు పేచీ లేదు. ‘ఆఖరి’ అన్న మాట దగ్గరే మేము ఆగుతున్నాం. ఆయన ఆఖరి తరం ఎట్లా అయ్యారు? ఆయనకు ముందు డోలి పట్టిన తరాల పేర్లు ఏ పుస్తకంలోనైనా ఎందుకు లేవు?

భద్రాచలం అనగానే కంచర్ల గోపన్న గుర్తొస్తాడు. తానీషా కొలువులో తహసీల్దారు, గుడి కట్టించాడు, జైలుకు పోయాడు, కీర్తనలు రాశాడు. ఆ కీర్తనలు అచ్చయ్యాయి, కచేరీలకెక్కాయి, సినిమాలయ్యాయి, బడి పాఠాలయ్యాయి. అదే అడవిలో, అదే గోదావరి ఒడ్డున, ఒక జాతి చరిత్రనంతా నోటితో మోసిన డోలీలు మాత్రం చరిత్రలోకి రాలేదు. ‘జానపద కళలు’ అనే అధ్యాయంలో ఒక పేరాగా మిగిలారు. మేము చెప్పదలచింది ఒక్క మాటే. కోయల చరిత్ర ఎవరి నోట నిలబడిందో, ఆ మనుషులనే కోయ సమాజం తనకంటే కింది మెట్టు మీద నిలబెట్టింది. ప్రభుత్వం ఆ మెట్టును ముట్టుకోకుండా పైనుంచి ఒక పతకం వేసింది. ఈ రెండింటినీ కలిపి చదవకపోతే రామచంద్రయ్య జీవితం అర్థం కాదు.

డోలి అంటే ఎవరు

ఏజెన్సీలో డోలీ అంటే ఇంకో అర్థం కూడా ఉంది. రోడ్డు లేని గూడెం నుంచి జబ్బు మనిషిని కర్రకు కట్టి మోసుకొచ్చే డోలీ. దాని గురించి పేపర్లలో ఇప్పటికీ చదువుతున్నాం. మేము మాట్లాడేది వాద్యం గురించి, ఆ వాద్యం పేరే కులం పేరైపోయిన మనుషుల గురించి. షెడ్యూల్డు తెగల జాబితాలో కోయ అన్న పేరు పక్కనే డోలి కోయ, పట్టిడి కోయ, కమ్మర కోయ, గుట్ట కోయ, రాచ కోయ లాంటి పేర్లు కనిపిస్తాయి. కోయలందరూ ఒకటే అని బయటివాళ్ళు అనుకుంటారు. జాబితా మాత్రం అసలు సంగతి చెప్పేస్తోంది. లోపల పనిని బట్టి విడిపోయిన గుంపులున్నాయి. ఇనుము కొట్టేవాళ్ళు ఒకరు, డోలి కొట్టేవాళ్ళు ఒకరు.

డోలి పెద్ద వాద్యం. చెక్క తొలిచి, రెండు పక్కలా తోలు బిగించి, మెడకో భుజానికో తగిలించుకొని కొడతారు. కొన్ని డోలీలు, ఇత్తడితో చేసిన అక్కుం, తూతకొమ్ము కలిస్తే మేళం అవుతుంది. మేళానికి ఒక పెద్ద ఉంటాడు. ఏ వేల్పుకు ఏ దరువో తెలిసినవాడు అతను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, నాట్యం చేసేవాళ్ళ కాళ్ళు ఎప్పుడు వేగం పెంచాలి, వంత పాడేవాళ్ళు ఎక్కడ అందుకోవాలి, ఇవన్నీ అతని చేతిలో ఉంటాయి. కాగితం మీద రాసుకున్న స్వరాలు లేవు. తాత దగ్గర విని, తండ్రి పక్కన నిలబడి కొట్టి, తప్పుపోతే తిట్లు తిని నేర్చుకున్న విద్య. ఒక్క మనిషే వాద్యగాడు, గాయకుడు, కథకుడు, మేళం నాయకుడు. ఇన్ని పనులు చేసే మనిషిని మన యూనివర్సిటీ భాషలో ‘ఇన్‌ఫార్మెంట్’ అంటారు. సమాచారం ఇచ్చేవాడట. విద్య ఆయనది, పట్టా పరిశోధకుడిది.

పడిగె విప్పితే

కోయల సామాజిక నిర్మాణానికి వెన్నెముక గట్టు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇట్లా లెక్క. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ములు, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. అంటే ఎవరు ఎవరికి పిల్లనివ్వాలో, ఏ వేల్పును ఎవరు కొలవాలో గట్టే నిర్ణయిస్తుంది. ఆ గట్టు చరిత్ర పడిగె మీద ఉంటుంది. పడిగె అంటే మూలలు తీరిన గుడ్డ జెండా. దాని మీద మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు, వీరులు బొమ్మలుగా ఉంటారు. ఇలవేల్పు కొలుపు నాడు పడిగెను బయటికి తీస్తారు. బొమ్మలు వాటంతట అవి మాట్లాడవు. డోలి వచ్చి దరువు వేసి, ఒక్కో బొమ్మ దగ్గరా నిలబడి, ఫలానా వంశం ఇట్లా పుట్టింది, ఫలానా చోటు నుంచి ఇట్లా నడిచింది, ఫలానా వీరుడు ఇక్కడ పడిపోయాడు అని చెబితేనే అది చరిత్ర అవుతుంది. డోలి లేకపోతే పడిగె బొమ్మల గుడ్డ.

రామచంద్రయ్య ఈ కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గిరికామరాజు, ఇరమరాజు, గాదిరాజు, బాపనమ్మ, ముసలమ్మ, నాగులమ్మ. ఇందులో మొదటి మూడు పేర్లు తెలుగువాళ్ళందరికీ తెలుసు. మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి జరుగుతుంది. 1996లో దాన్ని రాష్ట్ర పండుగ చేశారు. సారలమ్మను కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి, గోవిందరాజును కొండాయి నుంచి తెస్తారు. చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్కను తెచ్చే ఘడియ కోసం లక్షలమంది నిలబడతారు. ఆ ఊరేగింపులకు ముందు నడిచే చప్పుడు డోలిది.

మేడారం కథ మనకు ఎట్లా తెలుసు? జాతరలో అమ్మే చిన్న పుస్తకాలు, సినిమాలు, క్యాసెట్లు, టీవీ. కాకతీయ ప్రతాపరుద్రుడు కప్పం అడిగాడు, కరువులో కోయలు ఇవ్వలేకపోయారు, సైన్యం వచ్చింది, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ పోరులో చనిపోయారు, జంపన్న సంపెంగవాగులో పడ్డాడు, అది జంపన్నవాగు అయింది, సమ్మక్క గుట్టకు పోయి మాయమై కుంకుమ భరిణె అయింది. ఇది అందరికీ తెలిసిన రూపం. ఇందులో కథ నడిపేది రాజు, కప్పం, యుద్ధం. డోలి చెప్పే పద్ధతి వేరు. అందులో ముందు వచ్చేది వంశం, గట్టు, చుట్టరికం. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరు ఎవరింటికి కోడలు, ఏ చోటు ఎవరిది. పోరు ఆ చుట్టరికాల్లోంచి వస్తుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటివాళ్ళు డోలీల దగ్గర కూర్చొని ఈ కథనాన్ని రికార్డు చేసి పుస్తకంగా తెచ్చాకే మేడారం కథకు డోలీల రూపం ఒకటుందని చదువుకున్న లోకానికి తెలిసింది.

మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. అక్కడ మాకు చెప్పిన కాకతీయ చరిత్ర శాసనాలది. శాసనం రాయించాలంటే దానం ఇచ్చేంత భూమి ఉండాలి, రాయి చెక్కించే సొమ్ముండాలి. అవి లేనివాళ్ళు గొంతు మీద చెక్కించుకున్నారు. రాయి అయితే ఆధారం, గొంతు అయితే ‘పుక్కిటి పురాణం’. ఈ తూకం ఎవరి తక్కెడదో వేరే చెప్పనక్కరలేదు.

హద్దులు మారిన అడవి

డోలికి ఊరు ఒకటే కాదు. తన గట్టు కోయలున్న గూడేలన్నీ అతని తిరుగుడు పరిధి. పంటలు ఇంటికి చేరాక ఊరూరా తిరిగి కథ చెప్పి, ధాన్యం, బట్ట, డబ్బు తీసుకోవడం రివాజు. కొలుపు, పెళ్ళి, చావు ఏదైనా డోలికి కబురు పోవాల్సిందే. పాత ఇంగ్లీషు రాతలు దీన్ని అడుక్కోవడం అన్నాయి. అది అడుక్కోవడం కాదు. పొలం దున్నినవాడికి పంటలో వాటా ఉన్నట్టే వంశం చెప్పినవాడికి గింజల్లో వాటా.

ఈ పరిధిని ఎన్నిసార్లు ముక్కలు చేశారో చూడండి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డును బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చేశాడు. కుడి ఒడ్డు హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయింది. భద్రాచలం ప్రాంతాన్ని కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సులలో ఉంచి, 1874లో గోదావరి జిల్లాకు కలిపారు. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడిపోయింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చాయి. 2014లో పోలవరం కోసం కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలతో పాటు భద్రాచలం పట్టణం చుట్టూ ఉన్న పల్లెలూ, బూర్గంపాడులోని కొన్ని ఊళ్ళూ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో మిగిలినదాంట్లోంచి భద్రాద్రి కొత్తగూడెం వచ్చింది. వెంకటాపురం, వాజేడు ఇప్పుడు ములుగు జిల్లా. ఇన్నిసార్లు గీత గీసినవాళ్ళు ఒక్కసారైనా కోయల గట్ల మ్యాపు చూశారా? వేల్పు ఒక రాష్ట్రంలో, పడిగె ఒక జిల్లాలో, డోలి ఇంకో జిల్లాలో.

మణుగూరు సంగతి వేరే చెప్పాలి. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, అన్నీ ఈ చుట్టుపక్కలే. దేశానికి బొగ్గు, కరెంటు ఇచ్చిన నేల ఇది. గనులు వచ్చినచోట గూడెం లేస్తుంది. గూడెం లేస్తే ఏడాదికోసారి డోలిని పిలిచే ఇళ్ళు చెదిరిపోతాయి. డోలి చెక్కకు చెట్టు కావాలి, చెట్టు మీద చెయ్యి వేస్తే ఫారెస్టువాళ్ళ కేసు. పెళ్ళికి బ్యాండు మేళం వచ్చింది, దాని వెనక డీజే వచ్చింది. వీటన్నిటికీ ‘ఆధునికత ప్రభావం’ అని ఒక్క మాట పెట్టి సరిపుచ్చుకోవడం సెమినార్లలో చూస్తున్నాం. అది గాలివానలాగా పైనుంచి పడ్డది కాదు. గని, డ్యామ్, అడవి చట్టం అన్నవి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు.

మెట్ల లెక్క

ఇంతవరకు చెప్పినది బయటి అన్యాయం. ఇక్కడితో ఆపేస్తే మనకు హాయిగానే ఉంటుంది. లోపలికీ చూడాలి.

కోయలు డోలీలతో పిల్లనిచ్చి పుచ్చుకోరు. కొలుపుకు డోలి లేకపోతే వేల్పు కదలదు, కానీ డోలి ఇంటితో వియ్యం మాత్రం కుదరదు. తన పుట్టుక తనకు చెప్పే మనిషిని తనకంటే తక్కువ పుట్టుకవాడు అనుకోవడం, ఇదీ వరస. తెగల్లో కులం లేదని చెప్పే సోషియాలజీ పాఠం డోలి గుమ్మం దగ్గర నిలబడదు.

కోయల్ని వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. మన వాడల్లో ఏముంది? మాదిగల పుట్టుక, జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్ళు. పటం విప్పి, కిన్నెర మీటి, మాదిగవాడు ఆది నుంచి ఉన్నవాడని, ఎవరికీ తీసిపోనివాడని చెప్పేది వాళ్ళే. ఆ డక్కలివాళ్ళను మాదిగవాడ లోపలికి రానియ్యకుండా బయట గుడిసెలు వేయించింది ఎవరు? ఆదిలాబాదులో రాజగోండుల దేవుళ్ళ కథలు, వంశాలు చెప్పేది పర్ధాన్లు, తోటీలు. వాళ్ళ మెట్టూ కిందిదే. ఊరు మాలమాదిగలకు చేసిన పనినే, మనం మన కింద ఇంకొకరిని వెతుక్కొని చేశాం. అంబేద్కర్ దీన్ని మెట్లు మెట్లుగా ఉండే అసమానత అన్నాడు. ప్రతివాడికీ పైన ఒకడు, కింద ఒకడు. కింద ఒకడున్నాడన్న తృప్తే పైవాడి మీద తిరగబడనియ్యదు.

వంశాలు చెప్పే పనికే ఈ గతి ఎందుకు పట్టింది? మాకు తోచిన జవాబు ఇది. వంశం చెప్పేవాడి చేతిలో పెద్ద బలం ఉంది. ఫలానా ఇల్లు ఫలానా గట్టుది కాదని అతను ఒక్క మాట అంటే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. అంత బలమున్న మనిషికి భూమి, వియ్యం, పెద్దరికం కూడా ఉంటే అతనే దొర అవుతాడు. అందుకే మాటను అతనికిచ్చి మిగతావన్నీ తీసేసుకున్నారు. బ్రాహ్మడు మాటతో పాటు అగ్రహారం కూడా దక్కించుకున్నాడు. డోలికి, డక్కలికి మాట ఒక్కటే మిగిలింది.

న్యూయార్కులో ఒక మేళం పెద్ద

మేళం నడిపేవాడికి ఈ గతి తప్పనిదేమీ కాదు అని చూపించడానికి ఒక దూరపు ఉదాహరణ తెస్తాం. అమెరికాలో జాజ్ సంగీతం పుట్టే రోజుల్లో జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి బ్యాండు నాయకుడు ఉండేవాడు. అప్పటికి న్యూయార్కులో తెల్ల ధనవంతుల ఇళ్ళల్లో డాన్సులకు వాయించేది నల్లవాళ్ళే. పిలిచిన ఇంట్లో వాయించడమే కాదు, వడ్డించమనీ గిన్నెలు కడగమనీ పనులు చెప్పేవాళ్ళు. 1910లో యూరప్ తోటివాళ్ళతో కలిసి క్లెఫ్ క్లబ్ పెట్టాడు. అది ఇటు సంఘం, అటు వాద్యగాళ్ళను పంపించే ఆఫీసు. వాయించడానికి పిలిస్తే వాయించడమే పని, కూలి ముందే మాట్లాడుకోవాలి, ప్రయాణం ఖర్చు, తిండి, బస పిలిచినవాళ్ళవే అని షరతులు పెట్టాడు. 1912 మే 2న కార్నెగీ హాల్లో వందమందికి పైగా నల్లజాతి వాద్యగాళ్ళతో కచేరీ చేశాడు. మరుసటి ఏడు చివర విక్టర్ కంపెనీ అతని బ్యాండు రికార్డులు తీసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 369వ దళం బ్యాండును ఫ్రాన్సులో నడిపించి, 1919లో తిరిగొచ్చిన కొద్ది నెలలకే బోస్టన్‌లో తన బ్యాండులో డ్రమ్ము వాయించే మనిషి చేతి కత్తిపోటుకు చనిపోయాడు.

దాంతో అక్కడ అన్యాయం పోయిందని కాదు. హార్లెంలోని కాటన్ క్లబ్బులో 1927 చివరి నుంచి డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు వాయించింది. స్టేజీ మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర కూర్చునేది తెల్లవాళ్ళు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను తన బ్యాండులోకి తెచ్చుకొని 1923లో రికార్డులు ఇచ్చిన కింగ్ ఆలివర్, 1938లో సవానా పట్నంలో చనిపోయే ముందు ఒక పూల్ హాలు ఊడ్చే పనిలో ఉన్నాడు. అయినా యూరప్ ఒక దారి చూపించాడు. వాద్యగాడికి కావాల్సింది మెచ్చుకోలు ఒక్కటే కాదు, షరతు. ఆ షరతు పెట్టించే సంఘం.

పతకం తర్వాత

2021లో ఆదిలాబాదు మార్లవాయి గుస్సాడీ నాట్య గురువు కనకరాజుకు, 2022లో డక్కలి కిన్నెర మొగిలయ్యకు, కోయ డోలి రామచంద్రయ్యకు పద్మశ్రీలు వచ్చాయి. వాటిని మేము తక్కువ చేయడం లేదు. ఢిల్లీలో రాష్ట్రపతి ముందు డోలి మనిషి నిలబడ్డాడంటే అది మామూలు సంగతి కాదు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మొగిలయ్యకూ రామచంద్రయ్యకూ చెరో కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించారు. 2024 మేలో మొగిలయ్య హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తూ పత్రికల్లో కనిపించారు. ఆ తర్వాతి నెలలోనే రామచంద్రయ్య చనిపోయారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన మనిషి తట్ట మోస్తున్నాడంటే, కింగ్ ఆలివర్ చీపురుకూ ఈ తట్టకూ తేడా ఏముంది?

పతకం ఒక మనిషికి వస్తుంది. డోలి ఒక మనిషి విద్య కాదు, మేళం విద్య. వంత పాడినవాడికి, అక్కుం ఊదినవాడికి, నేర్చుకోవాల్సిన పిల్లవాడికి అందులో ఏమీ లేదు. ఒకరిని ‘ఆఖరి’ అని పిలిస్తే మిగతావాళ్ళను వెతికే పని తప్పుతుంది. అందుకే ఆ మాట ప్రభుత్వానికీ పత్రికలకూ అంత ముద్దు. బతికున్న డోలి కుటుంబాల గురించి అడిగేవాడే లేకుండా పోతాడు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ళ దండోరా అడిగింది ఒక్కటే. ‘మనమంతా ఒకటే’ అన్న మాట కింద ఎవరి వాటా ఎవరు తింటున్నారు? ఆ ప్రశ్న మాల, మాదిగల దగ్గర ఆగిపోకూడదు. డక్కలి దగ్గరికి పోవాలి. అడవిలో డోలి దగ్గరికి పోవాలి.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. డోలీల దగ్గర ఇంతవరకు రికార్డు చేసిన ప్రతి కథ నకలు ఆ కుటుంబాలకు, ఆ గట్టు గూడేలకు చేరాలి. పుస్తకం మీద సేకరించినవాళ్ళ పేరు ఎంత అక్షరాల్లో ఉంటుందో చెప్పినవాళ్ళ పేరు కూడా అంతే అక్షరాల్లో ఉండాలి. ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో డోలిని జీతమిచ్చి గురువుగా పెట్టాలి. ఆగస్టు 15కు స్టేజీ ఎక్కించి, భోజనం పొట్లం చేతిలో పెట్టి పంపడం ఆపాలి. మేడారం జాతర ఖర్చులో మేళం కూలి అని ఒక పద్దు రాయాలి. భద్రాచలం ఐటీడీఏ పరిధిలో డోలి కుటుంబాలు ఎన్ని, వాళ్ళకు భూమి ఎంత, బడికి పోతున్న పిల్లలు ఎందరు అన్నది విడిగా లెక్క తీయాలి. రెండు రాష్ట్రాల డోలీలు కలిసి తమ సంఘం తామే పెట్టుకోవాలి. దానికి మనలాంటివాళ్ళు నాయకులు కావద్దు, కాగితం పని చేసిపెడితే చాలు.

ఇక కోయ విద్యార్థి సంఘాల్లో, ఉద్యోగ సంఘాల్లో ఉన్న మిత్రులకు, అట్లాగే మాదిగ మిత్రులకు ఒక మాట. సమ్మక్క మీద, జాంబవంతుడి మీద మీరు, మేము ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఆ ఉపన్యాసాల్లో ప్రతి వాక్యం ఏదో ఒక డోలి, ఏదో ఒక డక్కలి గొంతు నుంచి వచ్చిందే. వాళ్ళ ఇంటి అన్నం తినకుండా, వాళ్ళ ఇంటికి పిల్లనివ్వకుండా వాళ్ళ చరిత్రను మాత్రం మనది అని చెప్పుకుంటే, అగ్రహారంవాళ్ళు మనకు చేసినదానికీ మనం చేస్తున్నదానికీ తేడా ఏమిటో చెప్పండి.